ప్రాణం నిలబెట్టిన మనిషికి ఎంతవరకు బాకీ?

నరసాపురం వైపు నుంచి ఒక పాఠకుడు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేసి, కొన్ని మార్చి, సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు నలభై ఒక్క ఏళ్లు. ఐదెకరాల రొయ్యల చెరువు లీజుకు తీసుకుని చేస్తున్నారు. భార్య, ఇంటర్ చదువుతున్న కూతురు. పదిహేనేళ్లు తాగారు. మానేసి రెండేళ్ల మూడు నెలలైంది. మానిపించింది ఊళ్లో తాగుడు మానేవాళ్ల కోసం పన్నెండు మెట్ల పద్ధతిలో నడిచే ఒక గ్రూపు. అందులో ఈయనకు స్పాన్సర్‌గా, అంటే ముందే మానేసి కొత్తవాళ్లకు దారి చూపే మనిషిగా ఉన్న పెద్దాయన పద్దెనిమిదేళ్లుగా మందు ముట్టని మనిషి. బస్టాండులో పడి ఉన్న ఈయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. "మూడు రాత్రులు నా మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారండి. ఫిట్స్ వచ్చినప్పుడు నన్ను పక్కకు తిప్పి పట్టుకున్నది ఆయనే" అని రాశారు.

పెద్దాయనది రొయ్యల మేత డీలర్‌షిప్. కోలుకున్నాక చెరువు మళ్లీ వేసుకోమని మేత అరువిచ్చారు. ఆ బాకీ ఇప్పుడు ఐదు లక్షల చిల్లర.

ఆరు నెలల కిందట గ్రూపులో గొడవ మొదలైంది. మీటింగులు జరిగే స్కూలు గది వదిలేసి సొంత హాలు కట్టుకుందామని పెద్దాయన ప్రతిపాదించారు. ఒక రాజకీయ నాయకుడు డబ్బిస్తాడు, హాలుకు ఆ నాయకుడి తండ్రి పేరు పెట్టాలి. కొందరు ఒప్పుకోలేదు. ఇరవై ఆరు మందిలో పది మంది బయటికి వెళ్లి, గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు వేరే మీటింగు పెట్టుకున్నారు. "అక్కడికి వెళ్లినవాడు ఆరు నెలల్లో గ్లాసు పట్టుకుంటాడు" అని పెద్దాయన అందరి ముందూ అన్నారట. వెళ్లినవాళ్లతో మాట్లాడబోమని సంతకాలు తీసే పని ఈయనకు అప్పగించారు. డాక్టర్ రాసిన డిప్రెషన్ మాత్రలు కూడా మత్తుమందులేనని, మానేస్తేనే నిజంగా మానినట్టని చెప్పారు. చివరికి ఒక రోజు దుకాణంలో, "నువ్వు నాకు చెప్పుకున్నవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయిలే" అన్నారట.

ఉత్తరం ఇలా ముగిసింది: "ఆయన్ని వదిలితే కృతఘ్నుణ్ణి. వెళ్తే తాగుతానేమోనని భయం. ఉంటే ఊపిరాడడం లేదు. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని తేదీలు రాసుకున్నాను. అందుకే మీరు అడగని సంగతి ముందు చెబుతాను.

ఏడో పేజీలో, వినాయక చవితి వెళ్లాక మాత్రలు సగానికి తగ్గించానని రాశారు. తొమ్మిదో పేజీలో, చవితి వెళ్లినప్పటినుంచి నిద్ర లేదని, గుండె దడగా ఉంటోందని, రాత్రి చెరువు గట్టు మీద నడుస్తుంటే తల తిరుగుతోందని, "ఒళ్లు మళ్లీ మందు అడుగుతోందేమో" అని రాశారు. రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. మీరే రాశారు, కానీ మధ్యలో రెండు పేజీల దూరం ఉండబట్టి మీకు కనబడలేదు. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి తగ్గించినవాళ్లలో చాలామందికి నిద్ర పాడవుతుంది, కంగారు పుడుతుంది, తల తూలుతుంది. మీకు ఇదే కారణమని తేల్చడానికి నేను డాక్టర్ని కాను. తేల్చగలిగిన మనిషి మీకు ఆ మాత్రలు రాసిన డాక్టరు. ఈ వారమే వెళ్లండి. మీ అంతట మీరు మళ్లీ పెంచుకోవద్దు, పూర్తిగా మానెయ్యనూ వద్దు. వెళ్లేలోపు రాత్రిపూట మరీ తట్టుకోలేనట్టుంటే 14416కు ఫోన్ చెయ్యండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ అది, ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

మాత్రల విషయంలో పెద్దాయన తన హద్దు దాటారు. ఈ పన్నెండు మెట్లు ఎక్కడినుంచి వచ్చాయో, ఆ ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానినవాళ్ల సంఘం వాళ్లే సభ్యుల కోసం వేసిన పుస్తకంలో, ఏ సభ్యుడూ ఇంకొకడికి డాక్టరుగిరీ చెయ్యకూడదని స్పష్టంగా రాసుకున్నారు. డాక్టరు రాసిన మందులు సాటి సభ్యుల మాట విని మానేసి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను చూసి రాసుకున్న మాట అది.

ఇక మీరు అడిగిన సంగతి.

మన భాషలో రుణం అనే మాట రెంటికీ వాడతాం. మేత బస్తాల బాకీ రుణమే, ప్రాణం నిలబెట్టిన మేలూ రుణమే. మీ ఉత్తరం అంతటా ఆ రెండూ కలిసిపోయి ఉన్నాయి. "ఆయన రుణం ఎలా తీర్చుకోను" అని నాలుగు చోట్ల రాశారు, అందులో రెండు చోట్ల ఏ రుణం గురించో నాకు అర్థం కాలేదు. మీకు కూడా అర్థం కావడం లేదేమో. ఒకటి దుకాణం పుస్తకంలో అంకెల్లో ఉంది. పట్టుబడి అయిన రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మిన రోజు కొంత తీరుతుంది, వచ్చే పంటకు ఇంకొంత తీరుతుంది. ఆ మూడు రాత్రుల బాకీ ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని మీరు సంతకాలు సేకరించి తీర్చలేరు, మాత్రలు మానేసి తీర్చలేరు. ఆయన కూడా వసూలు చెయ్యలేరు.

స్పాన్సర్ అనే సంబంధం ఎలా పుట్టిందో ఒక్కసారి చూడండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు బిల్ విల్సన్. 1934 నవంబరులో న్యూయార్క్‌లో ఆయన ఇంటికి ఎబీ థాచర్ అనే పాత తాగుడు స్నేహితుడు వచ్చాడు. బిల్ మందు పోస్తే, వద్దన్నాడు. నేను మానేశాను, ఇలా మానేశాను అని కూర్చుని చెప్పాడు. అక్కడ పడింది విత్తనం. కొద్ది వారాలకే బిల్ మానేశాడు, మళ్లీ ముట్టలేదు. ఆ ఎబీ మాత్రం కొన్నేళ్లకు మళ్లీ తాగాడు, మానాడు, మళ్లీ తాగాడు. అయినా బిల్ చచ్చేదాకా ఆయన్ని "నా స్పాన్సర్" అనే పిలిచాడు, చేతనైనప్పుడల్లా ఆదుకున్నాడు. కానీ ఆయన చెప్పినట్టల్లా నడుచుకోలేదు. నడుచుకుని ఉంటే ఇద్దరూ మునిగేవారు. కృతజ్ఞత ఒక దారిన, బతుకు ఇంకో దారిన నడిచాయి, ఎవరూ బిల్‌ను కృతఘ్నుడనలేదు.

మీ పెద్దాయన తాగుబోతుగా మారలేదు. పద్దెనిమిదేళ్లు నిలబడిన మనిషి, ఆ సంగతి నేను తక్కువ చెయ్యను. కానీ స్పాన్సర్ పని తను ఎక్కిన మెట్లు ఎలా ఎక్కాడో పక్కవాడికి చూపించడం. ఎవరితో మాట్లాడాలి, ఎవరికి రొయ్యలమ్మాలి, ఏ మాత్ర వేసుకోవాలి, ఇవేవీ ఆ పనిలోకి రావు. పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకోవాల్సిన మనిషిని మీరు గద్దె మీద కూర్చోబెట్టారు. ఆయనా దిగలేదు. ఇందులో మీ వంతు కూడా కొంత ఉంది. మానేసిన మొదటి ఏడాది మన నిర్ణయం ఎవరైనా చేసిపెడితే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. మావారు మానేసిన కొత్తలో నేను తాగేవాళ్ల కుటుంబాల మీటింగులకు వెళ్లేదాన్ని. ఇంట్లో ఏ కూర వండాలో కూడా అక్కడి పెద్దావిడను అడిగి వండిన రోజులున్నాయి.

ఇప్పుడు ఆ వాక్యం. "నువ్వు నాకు చెప్పుకున్నవన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయిలే."

ఐదో మెట్టులో, మన తప్పులన్నీ ఇంకొక మనిషి ముందు దాచకుండా చెప్పుకుంటాం. మీరు ఆయన ముందు చెప్పారు. ఇంట్లో ఒక వస్తువు విషయం, దాని నింద ఎవరిమీద పడిందన్న విషయం నాకూ రాశారు. నేను ఇక్కడ రాయడం లేదు. ఆ వాక్యం దుకాణంలో, మీరు సంతకాల కాగితం ఖాళీగా తిరిగిచ్చిన రోజున, ఆయన మేత పుస్తకం తెరిచి ఉండగా అన్నారని రాశారు. అదే వాక్యం మీరు ఏడుస్తున్న రోజున అని ఉంటే ఓదార్పు అయ్యేది. ఆ రోజు, ఆ చోట, ఆ కాగితం పక్కన అన్నాక బెదిరింపుగా వినబడడంలో మీ తప్పు లేదు. ఆయన బెదిరించాలనే అన్నారా అన్నది నేను చెప్పలేను. మనుషులు ఒక్కోసారి తాము చేస్తున్నదేమిటో తమకే తెలియకుండా చేస్తారు. ముఖ్యంగా తను కట్టుకున్నది కూలిపోతోందని భయపడినప్పుడు.

ఆయన మనసులో ఏముందన్న ప్రశ్న పక్కన పెట్టి, ఆ మాటకు మీ మీద అంత బలం ఎందుకుందో చూడండి. మీ భార్యకు తెలియని సంగతి ఒకటుంది కాబట్టి. అది మీరే ఆమెకు చెప్పిన రోజున ఆ బలం పోతుంది. చెప్పడం తేలిక కాదు. ఆమెకు కోపం వస్తుంది, పుట్టింటివాళ్ల వరకు వెళ్తుంది, కొన్నాళ్లు ఇంట్లో మాటలుండవు. తొమ్మిదో మెట్టులో ఒక షరతు కూడా ఉంది: సరిదిద్దుకోవడం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలేట్టుంటే ఆగమంటుంది. మీ విషయంలో మాత్రం ఆగడం వల్లే ఒక మనిషికి రోజూ దెబ్బ తగులుతోంది. ఆ నింద మోస్తున్నవాడు పండక్కి మీ ఇంటికి రావడం మానేసి నాలుగేళ్లైందని మీరే రాశారు. ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. నిద్ర కుదుటపడకముందు మాత్రం వద్దు.

హాలు గొడవ గురించి. ఇందులో నాకు ఒక పక్షం ఉంది, దాచను. బయటికి వెళ్లిన పది మంది లేవనెత్తిన అభ్యంతరం న్యాయమైనది. 1937 చివర్లో బిల్, ఆయన స్నేహితులు పెద్ద డబ్బు కోసం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ మనుషుల దగ్గరికి వెళ్లారు. 1938లో రాక్‌ఫెల్లర్ ఐదు వేల డాలర్లు మాత్రం ఇచ్చి, డబ్బు ఈ పనిని పాడుచేస్తుందని పెద్ద మొత్తం ఇవ్వలేదు. ప్రపంచంలోకెల్లా ధనవంతుల్లో ఒకడు వీళ్లకు డబ్బు చేటని చెప్పాడు, వీళ్లు విన్నారు. గ్రూపులు ఎలా నడవాలో చెబుతూ 1946లో అచ్చువేసిన పన్నెండు సంప్రదాయాల్లో ఏడోది అదే మాట: బయటివాళ్ల విరాళాలు తీసుకోకుండా ప్రతి గ్రూపూ తన ఖర్చు తనే భరించాలి. మీటింగులో తిరిగే చిన్న డబ్బాలో పది, ఇరవై వేస్తారు కదా, అందుకే. మీటింగులో తిరిగే చిన్న డబ్బాలో పది, ఇరవై వేస్తారు కదా, అందుకే. ఒక నాయకుడి తండ్రి పేరు గోడ మీద ఉంటే, ఎన్నికలప్పుడు ఆ గోడ కింద కూర్చున్నవాళ్లు ఎవరి మనుషులౌతారో మన జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చీలిపోవడం పాపమని మీకు చెప్పారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే పేరు పెట్టుకున్న మొదటి గ్రూపే ఒక చీలికలోంచి పుట్టింది. 1939 మేలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వాళ్లు, ఏక్రన్‌లో ఒక క్రైస్తవ బృందం నీడలో జరిగే మీటింగులకు వెళ్లడం మానేసి, తమ ఊళ్లో వేరుగా పెట్టుకున్నారు. వాళ్లలో కేథలిక్కులు ఎక్కువ, ఆ బృందం పద్ధతులు వాళ్లకు ఇబ్బంది అయ్యాయి. ఆ రోజుల్లో వాళ్లమీద చాలా కోపాలే వచ్చాయి. కొన్ని నెలల్లోనే క్లీవ్‌లాండ్‌లో గ్రూపులు పెరిగి, వందల మంది మానేశారు.

అలాగని చీలినవాళ్లంతా మంచివాళ్లని కాదు. అదే ఉద్యమంలో మానేసిన చార్లెస్ డెడరిచ్ 1958లో కాలిఫోర్నియాలో సిననాన్ అని సొంతంగా మొదలుపెట్టాడు. మొదట్లో ఎందరినో బాగుచేసింది. తర్వాత ఆయన మాటే వేదమైంది, వచ్చినవాళ్లు వెళ్లడానికి వీల్లేని చోటైంది. 1978 నాటికి వాళ్ల మీద కేసు గెలిచిన లాయరు ఉత్తరాల డబ్బాలో గిలక పామును పెట్టేదాకా వెళ్లింది. కాబట్టి అవతలి గట్టు మీటింగును కూడా కళ్లు తెరిచి చూడండి. అక్కడ ఒక్కడే మాట్లాడుతున్నాడా? డబ్బా లెక్క అందరికీ చెబుతున్నారా? మీటింగు నడిపే మనిషి మారుతున్నాడా? గంటసేపట్లో ఎంతసేపు మీ పెద్దాయనను తిట్టుకుంటున్నారు? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. చెరువులో పైనుంచి చూస్తే రొయ్య కనబడదు, మీరు చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా, మేత తిన్నాయా, కాళ్లు శుభ్రంగా ఉన్నాయా అని. అలా రెండు మూడు సార్లు ఎత్తి చూడండి.

ఆరో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. గట్టిగానే కొట్టేశారు, అయినా "పేట" అన్న మాట కనబడింది. వెళ్లిపోయిన పది మందిలో ఎక్కువమంది పేట వాళ్లని, అంటే దళితులని, ఆ సంగతి పెద్దాయన నోట ఏ రకంగా వచ్చిందో మీరు రాయలేకపోయారని అనుకుంటున్నాను. మూడో సంప్రదాయం ప్రకారం ఆ గదిలోకి రావడానికి ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. ఇన్నాళ్లూ మీ గదిలో టీ ఎవరు కలిపారు, కుర్చీలు ఎవరు వేశారు, మైకు ఎవరి చేతిలో ఉంది అని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హాలు గొడవ హాలుతోనే మొదలైందా అన్నది మీకు తెలుస్తుంది. సంతకాల కాగితం ఖాళీగా ఇచ్చినప్పుడు మీకూ కొంత తెలిసే ఇచ్చారని నా నమ్మకం.

ఏం చెయ్యవచ్చో చూద్దాం.

గ్రూపులో ఉంటూ స్పాన్సర్‌ను మార్చుకోవచ్చు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ తప్పుపట్టకూడదు. "మీరు చేసింది మర్చిపోను, మెట్ల విషయంలో ఇకనుంచి ఫలానా ఆయనతో మాట్లాడుకుంటాను" అని ఒక్క మాట చెప్పడం చాలు, కారణాలు అక్కర్లేదు. కాకపోతే పదహారు మంది మిగిలిన గదిలో, ఆయన పక్క నుంచి లేచి ఇంకొకరి పక్కన కూర్చోవడం ఎంత బరువుగా ఉంటుందో మీరే ఆలోచించుకోవాలి. కొత్త స్పాన్సర్ కూడా ఆయన తయారుచేసిన మనిషే అయితే పెద్దగా తేడా ఉండదు.

పూర్తిగా అవతలి గట్టుకు వెళ్లిపోవచ్చు. పంటు మీద, అంటే రేవు పడవ మీద గోదావరి దాటి వెళ్లాలి, మీటింగు అయ్యేసరికి చీకటి పడుతుంది, చెరువు దగ్గర రాత్రి నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఎవరు చూస్తారు? ఇవి చిన్న విషయాలు కావు. మొదటి నెల ఉత్సాహంగా వెళ్లి, రెండో నెల నుంచి మానేసి, ఏ మీటింగూ లేకుండా మిగిలిపోవడమే మీకు అసలు ప్రమాదం. "వెళ్తే తాగుతాడు" అన్న మాటలో నిజం ఇంతే: గ్రూపు మారితే తాగరు, ఒంటరైతే తాగే అవకాశం పెరుగుతుంది. కొన్నాళ్లు రెండు చోట్లకూ వెళ్లడం కూడా కుదురుతుంది. దానికి అటు ఇటు రెండు పక్కలా మాటలు పడాలి. మీరు పడగలరనిపిస్తుంది, ఖాళీ కాగితం ఇచ్చిన మనిషి కదా.

ఏమీ మార్చకుండా ఉండిపోవచ్చు కూడా. అప్పు తీరేదాకా ఓపిక పడతాననుకోవచ్చు. అందులో తప్పులేదు, కూతురి చదువుంది, ఇల్లుంది. కానీ అలా ఉంటే మీటింగులో మనసు విప్పి మాట్లాడడం ఆగిపోతుంది. ఇప్పటికే "ఈ మధ్య షేరింగులో వాతావరణం గురించి మాట్లాడి కూర్చుంటున్నాను" అని రాశారు. మాట్లాడకుండా ఎన్ని నెలలు నిలబడగలరో మీకే తెలియాలి.

వీటిలో దేన్ని ఎంచుకున్నా, అప్పును ముందు విడదియ్యండి. పెద్దాయన పుస్తకంలోని లెక్క మీ దగ్గర కూడా రాసి పెట్టుకోండి, ఇద్దరి సంతకంతో. పట్టుబడికి ఎంత కడతారు, మిగతాది ఏ పంటకు, వడ్డీ ఎంత, అరువు మేతకు రేటు ఎంత వేశారు, అన్నీ. మేతను ఇంకో చోట నగదుకు కొనగలిగితే కొంచెం కొంచెంగా మారండి. బ్యాంకులో గాని, సహకార సంఘంలో గాని అప్పు దొరికితే ఈ బాకీ తీర్చేసి అక్కడ కట్టుకోవచ్చునేమో అడగండి. ఈ మాటలు దుకాణంలో మాట్లాడండి, మీటింగు గదిలో వద్దు. మీ బావమరిదినో, చిన్నాన్ననో, మీకు నమ్మకమున్న ఒకర్ని వెంట తీసుకెళ్లండి. ఆయన మొదట నొచ్చుకుంటారు. "నాతో లెక్కలా?" అంటారు. "లెక్క తేలితేనే కదండీ మీ మేలు మేలుగా మిగిలేది" అని చెప్పండి. నా అంచనా, మంచి మనిషైతే కొన్నాళ్లకు ఆయనకూ ఊపిరాడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఎవరికీ స్పాన్సర్‌గా తప్ప మనిషిగా కనబడని ఆయన కూడా అలసిపోయే ఉంటారు. ఆయన స్పాన్సర్ ఎవరు? పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఈ వారం డాక్టరు. పట్టుబడి లోపు లెక్క కాగితం. గట్టు మారడం, మారకపోవడం, ఇంట్లో చెప్పడం వాటి తర్వాత చూసుకోవచ్చు. మాత్రలు సరిచేశాక నిద్ర ఎలా ఉందో నాలుగు ముక్కలు రాసి పంపండి, పదకొండు పేజీలు రాసినా చదువుతాను.